ఐర్లండ్‌లో మూలికా ఔషధాల భద్రత: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు

మొక్కల ఆకులు, వేళ్లు, గింజలు, బెరడు, వాటి నుంచి తీసిన సారాలు, నూనెలతో తయారయ్యే మందులను మూలికా ఔషధాలంటారు. ఐర్లండ్‌లో ఇవి ఫార్మసీల్లో, హెల్త్ స్టోర్లలో, సూపర్‌మార్కెట్ టీ అరల్లో, ఆన్‌లైన్ దుకాణాల్లో దొరుకుతాయి. అక్కడ స్థిరపడిన భారతీయ కుటుంబాలు స్వదేశం నుంచి తెచ్చుకునే పొడులు, లేహ్యాలు వీటికి అదనం. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు పెద్దగా హాని చేయని మూలిక కూడా గర్భస్థ శిశువుకు, పాలు తాగే బిడ్డకు, చిన్నపిల్లలకు ప్రమాదం తేవచ్చు. ఈ ముగ్గురి విషయంలో భద్రతను నిర్ధారించే పరిశోధనలు చాలా మూలికలకు జరగనే లేదు. అందుకే ఐర్లండ్‌లో, మొత్తం ఐరోపా సమాఖ్యలో ఈ ఔషధాల నియంత్రణకు ప్రత్యేక వ్యవస్థ ఏర్పడింది.

చారిత్రక నేపథ్యం

ఐరిష్ సమాజానికి మూలికా వైద్యం చాలా పాతది. మధ్యయుగపు బ్రెహన్ చట్టాల్లో రోగి సంరక్షణ గురించిన భాగం పెరటి మొక్కల ఉపయోగాన్ని ప్రస్తావిస్తుంది. ఓ'హికీ, ఓ'షీల్, ఓ'లీ వంటి కుటుంబాలు తరతరాలుగా వైద్యాన్ని వృత్తిగా సాగించాయి. 1735లో జాన్ కియో ఐర్లండ్ మొక్కల ఔషధ గుణాలను వివరిస్తూ కార్క్ నగరంలో 'బొటనాలోజియా యూనివర్సాలిస్ హైబర్నికా' అనే గ్రంథాన్ని ప్రచురించారు.

సామాన్యుల ఇళ్లలోని వైద్యం 1937-39 మధ్య జరిగిన పాఠశాలల జానపద సేకరణలో నమోదైంది. 26 కౌంటీల్లోని సుమారు 5,000 పాఠశాలల నుంచి 50,000 మంది పిల్లలు తాతలను, అమ్మమ్మలను, ఇరుగుపొరుగును అడిగి కథలు, ఆచారాలతో పాటు చిట్కా వైద్యాలనూ రాసుకొచ్చారు. ఆ రాతప్రతులు ఇప్పుడు డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలోని జాతీయ జానపద భాండాగారంలో ఉన్నాయి. దగ్గుకు పాలలో కాచిన కారగీన్ నాచు, నెటిల్ అనే దురద మొక్క మంటకు డాక్ ఆకు, బెణుకుకు కాంఫ్రీ వేరు పట్టు ఆనాటి ఇళ్లలో వాడుకలో ఉండేవి.

ఆ సంప్రదాయంలో ప్రమాదకరమైన పాయ కూడా ఉంది. చిక్కిపోతున్న బిడ్డను యక్షిణులు మార్చేశారని నమ్మి, ఐరిష్‌లో లుస్ మోర్ అని పిలిచే ఫాక్స్‌గ్లోవ్ మొక్కను ప్రయోగించిన ఆచారం జానపద రచనల్లో కనిపిస్తుంది. ఈ మొక్కలో గుండె కొట్టుకునే తీరును నేరుగా మార్చే గ్లైకోసైడ్లు ఉన్నాయి. 1785లో వైద్యుడు విలియం విదరింగ్ దీని వైద్య ప్రయోజనంతో పాటు మోతాదు తప్పితే కలిగే విషప్రభావాన్నీ వివరించారు. కాంఫ్రీలోని పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయని 20వ శతాబ్దంలో తేలింది. ఐరోపా మార్గదర్శకాలు ఇప్పుడు ఈ వేరును గాయం లేని చర్మం మీద పైపూతగా, అదీ పెద్దలకు మాత్రమే అనుమతిస్తున్నాయి. గర్భిణులకు, 18 ఏళ్లలోపు వారికి సిఫారసు చేయడం లేదు. తరతరాలుగా వాడుకలో ఉండటం వల్ల వెంటనే కనిపించే హాని బయటపడుతుంది. నెలల తరువాత కాలేయంలోనో, పుట్టిన బిడ్డలోనో కనిపించే హానిని ఆ అనుభవం పట్టుకోలేదు.

పసివారిలో, గర్భిణుల్లో ప్రమాదం ఎందుకు ఎక్కువ

మందును విరిచి బయటికి పంపే కాలేయ ఎంజైములు, మూత్రపిండాల పనితీరు నవజాత శిశువులో పూర్తిగా ఎదగవు. అందువల్ల పెద్దల శరీరం కొన్ని గంటల్లో వదిలించుకునే పదార్థం శిశువులో ఎక్కువసేపు నిలుస్తుంది. శరీర బరువుతో పోలిస్తే పిల్లల చర్మ వైశాల్యం ఎక్కువ, చర్మం పలుచన. పైపూత నూనెలు కూడా రక్తంలోకి త్వరగా చేరతాయి. శ్వాసమార్గం ఇరుకు కావడంతో ఘాటైన ఆవిరి తగిలినా ఊపిరి బిగుసుకుపోవచ్చు.

గర్భంలో మొదటి 12 వారాలు అవయవాలు రూపుదిద్దుకునే కాలం. ఆ సమయంలో తల్లి మింగిన పదార్థాల్లో చాలావాటి అణువులు మావిని దాటి పిండాన్ని చేరతాయి. గర్భిణుల మీద ప్రయోగాత్మక పరీక్షలు చేయడం నైతికంగా కష్టం కాబట్టి మూలికల గురించిన సమాచారం ప్రధానంగా జంతు పరీక్షల నుంచి, జరిగిన హాని నివేదికల నుంచి వస్తుంది. ఐరోపా ఔషధ సంస్థలోని మూలికా ఔషధాల కమిటీ ప్రచురించే ప్రమాణ పత్రాల్లో ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది: గర్భధారణలో, పాలిచ్చే కాలంలో భద్రత నిర్ధారణ కాలేదు, తగిన సమాచారం లేనందున వాడకం సిఫారసు చేయబడదు. ఈ వాక్యాన్ని 'హాని ఏమీ కనిపించలేదు' అనే అర్థంలో తీసుకోకూడదు. వాడవద్దనే సూచనగానే చదవాలి.

నియంత్రణ వ్యవస్థ

1957-61 మధ్య గర్భిణులకు వేవిళ్ల కోసం ఇచ్చిన థాలిడమైడ్ మాత్ర ఐర్లండ్‌తో సహా అనేక దేశాల్లో వేలాది మంది బిడ్డలు అవయవ లోపాలతో పుట్టడానికి కారణమైంది. అది మూలిక కాకపోయినా, గర్భంలో మందు భద్రతను ముందే పరీక్షించాలన్న పట్టుదలకు అదే పునాది. ఐర్లండ్‌లో 1966లో జాతీయ ఔషధ సలహా మండలి ఏర్పడింది. దాని స్థానంలో 1996లో ఐరిష్ మెడిసిన్స్ బోర్డు వచ్చింది. 2014 జూలై 1 నుంచి ఆ సంస్థ పేరు హెల్త్ ప్రొడక్ట్స్ రెగ్యులేటరీ అథారిటీ, అంటే హెచ్‌పీఆర్‌ఏ.

మూలికల విషయంలో ఐర్లండ్ ముందుగానే కఠినంగా వ్యవహరించింది. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్‌ను 2000 జనవరి 1 నుంచి డాక్టర్ చీటీ మీద మాత్రమే అమ్మాలని నిర్ణయించింది. ఈ మొక్క కాలేయంలోని ఎంజైములను ఉత్తేజపరచి ఇతర మందులను వేగంగా విరిచేస్తుంది. గర్భనిరోధక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అవయవ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్, హెచ్‌ఐవీ మందులు దీనివల్ల పనిచేయకుండా పోవచ్చు. ప్రసవానంతర దిగులుతో బాధపడే తల్లి దీన్ని సొంతంగా కొనుక్కుని వాడటం రెండు విధాల నష్టం. గర్భనిరోధక మాత్ర విఫలం కావచ్చు, అవసరమైన వైద్యమూ ఆలస్యమవుతుంది.

ఐరోపా సమాఖ్య 2004లో సంప్రదాయ మూలికా ఔషధాల ఆదేశాన్ని తెచ్చింది. ఐర్లండ్ దాన్ని 2007లో తన చట్టంలో చేర్చుకుంది. అప్పటికే మార్కెట్‌లో ఉన్నవాటికి ఇచ్చిన గడువు 2011 ఏప్రిల్ 30తో ముగిసింది. ఈ పద్ధతిలో నమోదు కావాలంటే ఆ ఔషధం కనీసం 30 ఏళ్లుగా, అందులో 15 ఏళ్లు ఐరోపా సమాఖ్యలో వాడుకలో ఉన్నట్టు చూపాలి. వైద్యుడి పర్యవేక్షణ అవసరం లేని చిన్న ఇబ్బందులకే దాన్ని అమ్మాలి. తయారీ నాణ్యతను నిరూపించాలి. అలా నమోదైన ఔషధం పెట్టె మీద టీఆర్ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. పూర్తి పరీక్షలతో అనుమతి పొందిన మందుల మీద పీఏ సంఖ్య ఉంటుంది.

టీఆర్ సంఖ్య హామీ ఇచ్చేది నిర్దిష్టమైన విషయాలకే. లోపల ఉన్నది పేరులో చెప్పిన మొక్కే, మోతాదు స్థిరంగా ఉంది, మలినాలు పరిమితిలో ఉన్నాయి, హెచ్చరికలు కరపత్రంలో ఉన్నాయి. రోగం తగ్గుతుందని పరీక్షల ద్వారా నిరూపితమైందని దాని అర్థం కాదు. దీర్ఘకాల వాడుక ఆధారంగానే నమోదైందని పెట్టె మీదే రాయాలి. గర్భిణి, తల్లి, బిడ్డ వాడవచ్చా లేదా అన్నది కరపత్రంలోనే తేలుతుంది.

అదే అరలో పక్కనే ఉండే మూలికా పూరకాలు వేరే చట్టం కిందికి వస్తాయి. అవి ఆహారంగా లెక్క. అమ్మకందారు ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థకు సమాచారం ఇస్తే చాలు, ముందస్తు పరిశీలన ఉండదు. రోగాన్ని నయం చేస్తామని చెప్పుకునే హక్కు వాటికి లేదు. మూలికా వైద్యుల వృత్తికీ చట్టబద్ధమైన నమోదు లేదు. వృత్తి సంఘాలు తమ సభ్యులకు శిక్షణ ప్రమాణాలు పెట్టుకున్నా, సభ్యత్వం ఐచ్ఛికమే. అందువల్ల గర్భిణిగా ఉన్నప్పుడు మూలికా వైద్యుణ్ని సంప్రదించే స్త్రీ ఆ వ్యక్తి చదువు, శిక్షణ గురించి తానే అడిగి తెలుసుకోవాలి.

గర్భధారణలో

వేవిళ్లకు అల్లం విషయంలో ఆధారాలు కొంత మెరుగు. రోజుకు 1 గ్రాము వరకు పొడి వికారాన్ని తగ్గిస్తుందని పలు పరీక్షల్లో కనిపించింది, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా దాన్ని ఒక ఎంపికగా పేర్కొంటాయి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు మాత్రం ముందుగా వైద్యుణ్ని అడగాలి. వంటలో వేసే అల్లానికీ గాఢ సారంతో చేసిన మాత్రకూ తేడా ఉంది. ఈ తేడా ప్రతి మూలికకూ వర్తిస్తుంది.

రాస్ప్‌బెర్రీ ఆకు టీ ప్రసవం సులువుగా జరగడానికి గర్భం చివరి వారాల్లో తాగడం ఐర్లండ్‌లో, బ్రిటన్‌లో విస్తృతమైన అలవాటు. గర్భాశయ కండరాలపై ప్రభావం ఉందన్న నమ్మకమే దీనికి మూలం. ప్రయోజనం గట్టిగా రుజువు కాలేదు, ఐరోపా ప్రమాణ పత్రం గర్భిణులకు సిఫారసు చేయదు. గతంలో సిజేరియన్ అయినవారు, నెలలు నిండకముందు నొప్పులు వచ్చినవారు మిడ్‌వైఫ్‌కు చెప్పకుండా దీన్ని మొదలుపెట్టకూడదు.

ప్రసవం త్వరగా రావాలని వాడే బ్లూ కోహోష్ గురించిన హెచ్చరిక ఇంకా తీవ్రం. ఆ మూలికను తల్లి వాడిన తరువాత పుట్టిన శిశువుకు తీవ్రమైన గుండె వైఫల్యం కలిగిన సంఘటన 1998లో వైద్య పత్రికలో నమోదైంది. స్విట్జర్లాండ్‌లో గర్భకాలమంతా రోజూ ఒక మూలికా టీ తాగిన తల్లికి పుట్టిన బిడ్డ కాలేయ సిరలు మూసుకుపోయి మరణించిన ఘటన 1988లో వెలుగుచూసింది. ఆ టీలో పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లున్నట్టు తేలింది. ఆ తల్లికి కాలేయ జబ్బేమీ లేదు. తల్లి బాగానే ఉండటం బిడ్డ క్షేమానికి రుజువు కాదని ఈ ఘటన చెబుతుంది.

అతిమధురంలోని గ్లైసిరైజిన్ విషయంలో ఫిన్లాండ్ పరిశోధనలు ముఖ్యమైనవి. తల్లి శరీరంలోని ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ నుంచి పిండాన్ని కాపాడే ఎంజైము మావిలో ఉంటుంది, గ్లైసిరైజిన్ దాన్ని అడ్డుకుంటుంది. గర్భంలో వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల పిల్లల్లో కొన్ని మేధో పరీక్షల ఫలితాలు తక్కువగా ఉన్నట్టు 2017లో ప్రచురితమైన హెల్సింకి అధ్యయనం తెలిపింది. ఫిన్లాండ్ ఆహార అధికారులు గర్భిణులను అతిమధురం ఎక్కువగా తీసుకోవద్దంటున్నారు. దగ్గుకు అతిమధురం నమలడం అలవాటైన తెలుగువారు దీన్ని గుర్తుంచుకోవాలి.

మలబద్ధకానికి వాడే సునాముఖిని ఐరోపా ప్రమాణ పత్రం గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 12 ఏళ్లలోపు పిల్లలకు సిఫారసు చేయదు. పీచు, నీళ్లు, అవసరమైతే వైద్యుడు సూచించే మందు మేలు. టింక్చర్లలో ఆల్కహాల్ ఉంటుంది. గర్భంలో ఏ పరిమాణమూ సురక్షితం కాదని ఐర్లండ్ ఆరోగ్య సేవల సంస్థ హెచ్‌ఎస్‌ఈ చెబుతున్నందున ఆ రూపాన్నే మానుకోవాలి. గర్భం దాల్చే ముందునుంచి 12 వారాల వరకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలన్న సలహాకు మాత్రం బలమైన ఆధారాలున్నాయి. ఏ మూలికా టీ దానికి బదులు కాదు.

పాలిచ్చే కాలంలో

పాలు పెరగడానికి మెంతులు, సోపు (ఫెనెల్), సోంపు (అనీస్) టీలు ఐర్లండ్ దుకాణాల్లో విరివిగా దొరుకుతాయి. మెంతులను కూరలో తిన్నట్టు తింటే సాధారణంగా సమస్య ఉండదు. మాత్రలుగా పెద్ద మోతాదులో తీసుకుంటే తల్లికి విరేచనాలు, రక్తంలో చక్కెర తగ్గడం కనిపించవచ్చు. మధుమేహ మందులు వాడేవారికి ఇది ముఖ్యం. తల్లి చెమటలో, బిడ్డ మూత్రంలో వచ్చే తియ్యటి వాసనను అరుదైన జన్యు రోగంగా పొరపడిన సందర్భాలూ ఉన్నాయి.

ఇటలీలో 1994లో నమోదైన రెండు సంఘటనలు మోతాదు ప్రాధాన్యాన్ని చూపుతాయి. పాలు పెరగాలని అతిమధురం, సోపు, సోంపు, గోట్స్ రూ కలిసిన టీని రోజుకు 2 లీటర్లకు పైగా తాగిన తల్లుల నవజాత శిశువులు మత్తుగా, కండరాలు వదులై, ఏడుపు బలహీనమై, వాంతులతో ఆసుపత్రికి చేరారు. తల్లులు ఆ టీ ఆపాక పిల్లలు కోలుకున్నారు. పాలు తాగే బిడ్డ అకారణంగా మత్తుగా ఉంటే తల్లి తీసుకుంటున్న మూలికల గురించి వైద్యులు అడగాలి, తల్లి కూడా దాచకుండా చెప్పాలి.

పిల్లల్లో

శిశువుల కడుపునొప్పి మూలికల వాడకానికి ప్రధాన కారణం. సోపులో ఎస్ట్రాగోల్ అనే పదార్థం ఉంది. అది జంతువుల్లో కాలేయ క్యాన్సర్‌కు దారితీసినందున ఐరోపా కమిటీ 4 ఏళ్లలోపు పిల్లలకు సోపు మందులను సిఫారసు చేయదు. అనాసపువ్వు టీలో ఇంకో ప్రమాదం ఉంది. వంటలో వాడే అనాసపువ్వును పోలిన జపాన్ రకం నాడీవ్యవస్థకు విషం. రెండూ కలిసిపోయిన టీ తాగి పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన ఘటనలు ఐరోపాలో, అమెరికాలో జరిగాయి. దాంతో ఐరోపా సమాఖ్య 2002 ఫిబ్రవరిలో అనాసపువ్వు దిగుమతులపై ప్రత్యేక షరతులు విధించింది. ఎండిన పువ్వులను చూసి ఈ రెండు రకాలను వేరు చేయడం సామాన్యుడి వల్ల కాదు.

జలుబు, దగ్గులకు వాడే నూనెలు మరో విభాగం. పెప్పర్‌మింట్ నూనె 2 ఏళ్లలోపు పిల్లలకు నిషిద్ధం, ఎందుకంటే మెంథాల్ ముక్కు దగ్గర తగిలితే గొంతు బిగుసుకుని శ్వాస ఆగవచ్చు. యూకలిప్టస్ నూనె, కర్పూరం మూర్ఛలు తెప్పించగలవు. ఈ రకం పదార్థాలున్న సపోజిటరీలను 30 నెలల లోపు పిల్లలకు, జ్వరంలో మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారికి ఐరోపా అధికారులు 2011లో నిషేధించారు. ఈ నూనెలు కొద్ది మిల్లీలీటర్లు మింగినా చిన్నపిల్లలకు ప్రాణాపాయం కలగవచ్చు. దగ్గుకు వాడే ఐవీ ఆకు సిరప్ 2 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. మూలికా సిరప్‌లలో తేనె ఉంటే ఏడాది నిండని బిడ్డకు అసలే ఇవ్వకూడదు. తేనెలోని బీజరూపాలు శిశువు పేగుల్లో పెరిగి బోటులిజం అనే పక్షవాతాన్ని కలిగించవచ్చు.

కల్తీ, భారలోహాలు

సరైన మూలికే అయినా తయారీలో కలిసిన సీసం, పాదరసం, ఆర్సెనిక్ వల్ల హాని కలగవచ్చు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంత దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 వాటిలో భారలోహాలు దొరికాయి. 2011-12లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ ఆరుగురు గర్భిణుల్లో సీసం విషాన్ని గుర్తించింది. వారంతా భారతదేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవారు. సీసం మావిని దాటి పిండం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రసౌషధాల్లో లోహాలు ఉద్దేశపూర్వకంగానే ఉంటాయి కాబట్టి గర్భిణులు, పిల్లలు వాటిని వాడకూడదు. భారత ప్రభుత్వం 2006 జనవరి నుంచి ఎగుమతి అయ్యే మూలికా మందులకు భారలోహ పరీక్షను తప్పనిసరి చేసింది. సూట్‌కేసులో వచ్చే పొడికి ఆ పరీక్ష వర్తించదు.

ఐర్లండ్‌లోని తెలుగు ఇళ్లు

2022 జనగణన నాటికి ఐర్లండ్‌లో భారత పౌరుల సంఖ్య 45 వేలు దాటింది. సాఫ్ట్‌వేర్, వైద్య రంగాల్లో స్థిరపడిన తెలుగు దంపతులకు ప్రసవ సమయంలో తోడుగా అమ్మో అత్తగారో హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వస్తారు. వారి సామానులో బాలింత కాయం, శొంఠి, వాము, ఉగ్గు సరంజామా ఉంటాయి. ఆ ప్రేమనూ ఆ అనుభవాన్నీ తక్కువ చేయనక్కర్లేదు. బాలింత భోజనంలో వెల్లుల్లి, వాము, మెంతులు, శొంఠి వంట మోతాదులో ఉంటే అది ఆహారమే. పట్టుబట్టి ఆపాల్సినవి కొన్ని ఉన్నాయి.

మాట స్పష్టంగా రావాలని పసిపిల్లకు వస కొమ్ము అరగదీసి నాకించడం వాటిలో మొదటిది. వసలోని బీటా-అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగించినందున అమెరికా 1968లో దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. భారతదేశంలో పెరిగే రకంలో ఇది ఎక్కువ, ఆ రకాన్ని రుచికారకాల తయారీకి వాడరాదని ఐరోపా చట్టం చెబుతోంది. జాజికాయ ఎక్కువైతే మత్తు, చిత్తచాంచల్యం కలుగుతాయి. నిద్రపోతాడని శిశువుకు అరగదీసి పట్టకూడదు. నవజాత శిశువుకు ఆముదం తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. కొబ్బరినూనెలో కర్పూరం కాచి పసివాళ్ల ఛాతీకి రాయడం పైన చెప్పిన కారణాలతోనే ప్రమాదకరం. సుమారు 6 నెలల వరకు తల్లిపాలు లేదా ఫార్ములా తప్ప ఉగ్గుమందు ఏదీ అక్కర్లేదు. ఒత్తిడికి, నిద్రకు ప్రచారంలో ఉన్న అశ్వగంధను డెన్మార్క్ 2023లో నిషేధించింది. గర్భిణులు దాన్ని పూర్తిగా మానాలి.

సలహా, అత్యవసర సహాయం, నివేదన

ఐర్లండ్‌లో ప్రసూతి, శిశు సంరక్షణ పథకం కింద గర్భిణికి జీపీ (కుటుంబ వైద్యుడు), ఆసుపత్రి సేవలు ఉచితం. ప్రసవమై ఇంటికి వచ్చాక ప్రజారోగ్య నర్సు ఇంటికే వస్తుంది. ఆ ప్రతి సందర్భంలోనూ వాడుతున్న మూలికలను, ఇంటి పొడులను పేరుతో చెప్పాలి, వీలైతే డబ్బా చూపించాలి. మందుల జాబితా అడిగినప్పుడు చాలామంది టీలను, లేహ్యాలను లెక్కలో చేర్చరు. శస్త్రచికిత్సకు ముందు, మత్తు ఇచ్చే ముందు ఈ సమాచారం అవసరం. ఫార్మసిస్టును అపాయింట్‌మెంట్ లేకుండా అడగవచ్చు.

పిల్లలు మూలికా నూనెనో మొక్క భాగాన్నో మింగితే డబ్లిన్ బోమాంట్ ఆసుపత్రిలోని జాతీయ విష సమాచార కేంద్రం ప్రజల ఫోన్ లైన్ 01 809 2166 ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు వారమంతా పనిచేస్తుంది. మూర్ఛ వచ్చినా, శ్వాస ఇబ్బంది కలిగినా 112 లేదా 999కు ఫోన్ చేయాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. మింగిన వస్తువు ప్యాకెట్‌ను వెంట తీసుకెళ్లాలి.

మూలికా మందు వల్ల దుష్ప్రభావం కలిగిందన్న అనుమానం వస్తే వైద్యులే కాక రోగులు, తల్లిదండ్రులు కూడా నేరుగా హెచ్‌పీఆర్‌ఏకు నివేదించవచ్చు. రుజువు అవసరం లేదు, అనుమానం చాలు. గర్భిణుల మీద, పసిపిల్లల మీద పరీక్షలు జరపలేని ఈ రంగంలో ఇటువంటి నివేదికలే ప్రధాన ఆధారం. బ్లూ కోహోష్, అనాసపువ్వు, సీసం కలిసిన మాత్రలు, ఇవన్నీ ఎవరో ఒక వైద్యుడు లేదా ఒక కుటుంబం జరిగినదాన్ని బయటపెట్టడం వల్లే లోకానికి తెలిశాయి. ఇంట్లో జరిగిన చిన్న ఇబ్బందిని సిగ్గుపడకుండా నివేదించిన తల్లి తనకు తెలియని ఎందరో పిల్లలకు రక్షణ కల్పిస్తుంది.